జాబర్‌వాకీ: అర్థం లేని కవితలో అర్థం

‘జాబర్‌వాకీ’ ఆంగ్ల రచయిత లూయిస్ కారల్ రాసిన 28 పాదాల కవిత. 1871 డిసెంబరులో వెలువడిన ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’ అనే పిల్లల నవలలో పూర్తి రూపంలో అచ్చయింది. నాన్సెన్స్ కవిత్వం అనగానే ముందుగా గుర్తొచ్చే రచన ఇది. ఇందులోని కీలకమైన మాటల్లో చాలావరకు కవి పుట్టించినవే. ఏ నిఘంటువులోనూ అప్పటికి లేవు. అయినా చదివినవారికి కథ తెలుస్తుంది, భయం తెలుస్తుంది, గెలుపు సంతోషం తెలుస్తుంది. కవి ఇందులో పక్కన పెట్టింది నిఘంటువును మాత్రమే. వ్యాకరణం, ఛందస్సు, ప్రాస, కథనం, శబ్దం అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కవితకు అర్థం ఎక్కడెక్కడి నుంచి వస్తుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

నాన్సెన్స్ కవిత్వం: మూడు తీరులు

వాక్యం అర్థమివ్వాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని భారతీయ శాస్త్రకారులు చెప్పారు. ఒక పదం మరో పదాన్ని కోరడం ఆకాంక్ష. పదాల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత. పదాలు దగ్గర దగ్గరగా ఉండడం సన్నిధి. నిప్పుతో తడిపాడు అంటే ఆకాంక్ష, సన్నిధి ఉన్నా యోగ్యత లేదు. నాన్సెన్స్ కవితలను విడదీసి చూడడానికి ఈ కొలమానం చక్కగా పనికొస్తుంది.

మొదటి తీరులో మాటలన్నీ తెలిసినవే, జరిగే పని మాత్రం లోకంలో జరగనిది. ఎడ్వర్డ్ లియర్ (1812–1888) కవితల్లో ఎక్కువ భాగం ఇలాంటివి. గుడ్లగూబ, పిల్లి కలిసి పడవెక్కి వెళ్లి పెళ్లి చేసుకుంటాయి. ఇక్కడ తప్పింది యోగ్యత. రెండో తీరులో వాక్యం బిగువుగా ఉంటుంది, పదాలకే అర్థం తెలియదు. ‘జాబర్‌వాకీ’ ఈ తీరుకు ప్రతినిధి. మూడో తీరులో వాక్యం కూడా ఉండదు, శబ్దాలే మిగులుతాయి. జర్మన్ కవి క్రిస్టియాన్ మోర్గెన్‌స్టెర్న్ 1905లో తెచ్చిన ‘గాల్గెన్‌లీడర్’లో కొన్ని కవితలు, 1916లో జూరిక్‌లో హ్యూగో బాల్ వినిపించిన శబ్దకవితలు ఈ కోవలోవి.

పుట్టుక, ప్రచురణ

లూయిస్ కారల్ అసలు పేరు చార్లెస్ లట్విజ్ డాడ్జ్‌సన్ (1832–1898). ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో గణితం బోధించేవాడు, తర్కశాస్త్రం మీద పుస్తకాలు రాశాడు. నియమాలను ప్రాణంగా చూసుకునే మనిషి నాన్సెన్స్ రాయడంలో వింతేమీ లేదు. ఏ నియమాన్ని తీసేయాలో, ఏ నియమాలను కదపకూడదో తెలిసినవాడే ఇలాంటి కవిత రాయగలడు.

కవితలో మొదటి చరణం 1855 నాటిది. తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ వినోదంగా నడిపిన ‘మిష్‌మాష్’ అనే ఇంటి పత్రికలో, ప్రాచీన ఆంగ్లో శాక్సన్ కవితాఖండం అంటూ పాతకాలపు లిపిని అనుకరించి దాన్ని రాశాడు. కింద పండితుల పద్ధతిలో ప్రతి పదానికీ అర్థం, వ్యుత్పత్తి ఇచ్చాడు. అప్పటికి అది పురాతన గ్రంథాల వ్యాఖ్యాన ధోరణికి సరదా అనుకరణ. తర్వాత చాలా ఏళ్లకు మధ్యలో ఒక వీరగాథను చేర్చి, ఆ చరణాన్నే చివర మళ్లీ పెట్టి కవితను పూర్తి చేశాడు.

నవలలో అలీస్ అనే బాలిక అద్దం అవతలి లోకంలోకి వెళ్లినప్పుడు ఈ కవిత ఒక పుస్తకంలో కనిపిస్తుంది. అక్షరాలు తిరగబడి ఉంటాయి. అద్దానికి ఎదురుగా పట్టుకుని చదువుతుంది. కవిత మొత్తాన్నీ తిరగేసి అచ్చు వేయించాలని కారల్ మొదట అనుకున్నాడు, చివరికి మొదటి చరణాన్నే అలా అచ్చు వేశారు. జాన్ టెనియల్ గీసిన జాబర్‌వాక్ మృగం బొమ్మను పుస్తకం మొదట్లో పెట్టాలని ముందు అనుకున్నారు. పిల్లలు జడుసుకుంటారేమోనని కారల్ కొందరు తల్లులను ఉత్తరాల ద్వారా అడిగి, దాన్ని లోపలి పేజీలకు మార్చాడు. అర్థం లేని పేరున్న మృగం నిజంగానే భయపెడుతుందని కవికి తెలుసు.

కథ

కవితలో ఏడు చరణాలున్నాయి. మొదటి చరణం ఒక సాయంత్రాన్ని, అప్పుడు తిరుగాడే వింత ప్రాణులను వర్ణిస్తుంది. రెండో చరణంలో తండ్రి కొడుకును హెచ్చరిస్తాడు: జాబర్‌వాక్ కరుస్తుంది, గోళ్లతో పట్టేస్తుంది, జుబ్‌జుబ్ పిట్టతోనూ బాండర్‌స్నాచ్‌తోనూ జాగ్రత్త అంటాడు. కొడుకు కత్తి పట్టుకుని శత్రువు కోసం చాలాకాలం వెతుకుతాడు. అలసి ఒక చెట్టు కింద ఆగుతాడు. కళ్లల్లో మంటలతో మృగం అడవిలోంచి దూసుకొస్తుంది. కుర్రవాడు దాన్ని నరికి, తల తీసుకుని ఇంటికొస్తాడు. తండ్రి ఆనందంతో కౌగిలించుకుంటాడు. ఏడో చరణం మొదటిదే.

ఈ కథ ఎవరికీ కొత్త కాదు. రాక్షసుణ్ని చంపి తిరిగొచ్చిన వీరుడి కథ ప్రపంచమంతటా ఉంది. జర్మన్ వీరగాథ ఒకదానికి కారల్ బంధువు మెనెల్లా బ్యూట్ స్మెడ్లీ చేసిన అనువాదం దీనికి ప్రేరణ కావచ్చని పరిశోధకుడు రోజర్ లాన్సలిన్ గ్రీన్ సూచించాడు. మూలం ఏదైనా, ఇంతగా తెలిసిన కథాచట్రాన్ని ఎంచుకోవడమే కవి చేసిన మొదటి శిల్పపు పని. హెచ్చరిక తర్వాత వెతుకులాట, దాని తర్వాత ఎదురుచూపు, పోరు, గెలుపు వస్తాయని పాఠకుడికి ముందే తెలుసు కాబట్టి, తెలియని విశేషణం ఎదురైతే అది శత్రువు పక్కనుంటే క్రూరత్వమనీ, గెలుపు రోజు పక్కనుంటే సంతోషమనీ తనంతట తానే ఊహించుకుంటాడు.

ఛందస్సు, ప్రాస

ఇంగ్లీషు ఛందస్సుకు ఆధారం ఊనిక. తేలిగ్గా పలికే అక్షరం తర్వాత ఊని పలికే అక్షరం వస్తే ఆ జంటను అయాంబ్ అంటారు. ఇంగ్లీషు జానపద గాథల్లో పాదానికి నాలుగు, మూడు, నాలుగు, మూడు అయాంబ్‌ల వరుస ఎక్కువ. కారల్ మొదటి మూడు పాదాలకూ నాలుగేసి ఇచ్చి, నాలుగో పాదానికి మూడే ఇచ్చాడు. మూడు పాదాలు ఒకే నడకలో సాగాక నాలుగోది పొట్టిగా తెగిపోతుంది. ముత్యాలసరంలో చివరి పాదం తగ్గినప్పుడు వచ్చే ఊపు తెలుగు పాఠకుడికి అలవాటే. ‘జాబర్‌వాకీ’లో ఆ తెగే చోటనే తరచుగా భయమో వేగమో వచ్చి పడుతుంది.

ప్రాసను ఇంకాస్త దగ్గరగా చూస్తే కవి పనితనం బయటపడుతుంది. మొదటి, రెండో, నాలుగో చరణాల్లో మొదటి పాదానికి మూడోదీ, రెండో పాదానికి నాలుగోదీ అంత్యప్రాస కలుస్తాయి. మూడు, అయిదు, ఆరు చరణాల్లో మొదటి, మూడో పాదాల అంత్యప్రాసను వదిలేశాడు. అలా వదిలేసిన ప్రతి చరణంలోనూ మూడో పాదం తనలో తానే ప్రాస కూర్చుకుంటుంది: పాదం నడుమ ఉన్న పదం పాదం చివరి పదంతో కలుస్తుంది. చెట్టు కింద ఆగినప్పుడు, మృగం తల తీసుకున్నప్పుడు, తండ్రి కేరింతలు కొట్టినప్పుడు ఇలా జరుగుతుంది. ఒకచోట తీసిన ప్రాసను మరోచోట వెంటనే చెల్లించాడు. అర్థం చేతికి అందని చోట చెవికి ఇంత కచ్చితమైన లెక్క దొరకడం వల్లనే పాఠకుడు కవితను నమ్ముతాడు.

పోరాట ఘట్టంలో లయ మారుతుంది. అంకెలు రెండుసార్లు లెక్కపెట్టినట్టుగా వరుసగా ఊనికలు పడి, కత్తి వేటు మీద వేటు వినిపిస్తుంది. ఆ వెంటనే స్నికర్ స్నాక్ అనే ధ్వన్యనుకరణ పదం వస్తుంది.

వ్యాకరణం

మొదటి చరణంలో 23 పదాలున్నాయి. వాటిలో 12 రోజూ వాడే చిన్న చిన్న ఇంగ్లీషు మాటలు: సముచ్చయాలు, ఆర్టికల్స్, విభక్తి పని చేసే మాటలు, సహాయక క్రియలు. మిగిలిన 11 పాఠకుడికి వింత మాటలు. ఆ 12 మాటలే చరణాన్ని నిలబెడుతున్నాయి. ఏది నామవాచకమో, ఏది విశేషణమో, పని ఎక్కడ జరిగిందో అవే చెబుతాయి. వింత మాటల మీద కూడా ఇంగ్లీషు ప్రత్యయాలున్నాయి: టోవ్‌లు, బోరోగోవ్‌లు, రాత్‌లు బహువచనాలు, స్లైథీ, మిమ్జీ విశేషణాలు.

దీన్ని తెలుగులో పరీక్షించవచ్చు. “బుసిలి టుమరాలు నేబలో జిరబిరించాయి” అనే వాక్యాన్ని ఈ వ్యాసం కోసమే అల్లాం. ఇందులో ఒక్క పదానికీ నిఘంటువులో అర్థం దొరకదు. అయినా టుమరాలు ఒకటి కంటే ఎక్కువనీ, అవి మనుషులు కావనీ, బుసిలి వాటి లక్షణమనీ, నేబ ఒక చోటనీ, జిరబిరించడం అయిపోయిన పని అనీ తెలుగువాళ్లు వెంటనే చెప్పేస్తారు. ‘లు’, ‘లో’, ‘ఇంచు’, ‘ఆయి’ అనే ప్రత్యయాలే ఇంత సమాచారం ఇచ్చాయి. బుసిలి అనగానే బుస, కుబుసం తలపుకొస్తే అది శబ్దం చేసిన పని.

మాటల కల్పన

అర్థం చెప్పమని అలీస్ అడిగితే నవల ఆరో అధ్యాయంలో హంప్టీ డంప్టీ అనే పాత్ర మొదటి చరణానికి వ్యాఖ్యానం చెబుతాడు. రెండు మాటలను ఒకే మాటలో సర్దడాన్ని పోర్ట్‌మాంటో అంటాడు. అది రెండు అరలున్న ప్రయాణపు పెట్టె పేరు. స్లైథీలో లైథ్ (ఒడుపుగా వంగేది), స్లైమీ (జిగటగా ఉండేది) ఉన్నాయట. మిమ్జీలో ఫ్లిమ్జీ, మిజరబుల్ ఉన్నాయట. 1876 నాటి ‘ది హంటింగ్ ఆఫ్ ది స్నార్క్’ ముందుమాటలో ఫ్రూమియస్ అనే మాటను ఫ్యూమింగ్, ఫ్యూరియస్‌ల కలయికగా కారల్ వివరించాడు. నేటి భాషాశాస్త్రం ఇలాంటి పదాలకు కారల్ పెట్టిన పేరునే వాడుతోంది.

అన్ని మాటలూ ఇలా పుట్టలేదు. గైర్ అనే మాట ఇంగ్లీషులో ముందే ఉంది. వోర్పల్, టల్జీ వంటి వాటికి తన దగ్గర వివరణ లేదని కారల్ 1877లో ఒక లేఖలో ఒప్పుకున్నాడు. అఫిష్ అనే మాట మాత్రం గొంతు బొంగురుగా, తీరు మొరటుగా, మనసు చిరాకుగా ఉన్న స్థితిని తనకు తోపిస్తుందని అదే లేఖలో రాశాడు. చార్టిల్, గలంఫ్ అనే మాటలు ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కి వాడుకలో నిలిచాయి. చార్టిల్‌లో కిలకిల నవ్వు, ముక్కుతో చేసే చప్పుడు కలిశాయని నిఘంటుకారులు భావిస్తారు. నాన్సెన్స్‌గా పుట్టిన మాట మామూలు మాటగా స్థిరపడడానికి ఇవి సాక్ష్యాలు.

కవి ఇచ్చిన రెండు అర్థాలు

అర్థం గురించిన చర్చలో అన్నిటికంటే బలమైన ఆధారం కారల్ రాసిన రెండు వివరణలను పక్కపక్కన పెడితే దొరుకుతుంది. 1855లో రాత్ అంటే ఒక జాతి నేలతాబేలు. 1871లో హంప్టీ డంప్టీ చెప్పేటప్పటికి అది ఆకుపచ్చ పంది. 1855లో వేబ్ కొండవాలు. 1871లో సూర్యగడియారం చుట్టూ ఉన్న గడ్డినేల. 1855లో బోరోగోవ్ అంతరించిపోయిన రెక్కలు లేని చిలుక. 1871లో ఈకలు చిందరవందరగా ఉన్న బక్కపిట్ట. టోవ్ జున్ను తిని బతకడం, బ్రిలిగ్ అంటే రాత్రి భోజనానికి వంట మొదలయ్యే సాయంవేళ కావడం మాత్రం రెండింటిలోనూ ఉన్నాయి.

చరణంలో అక్షరం ముక్క పెద్దగా మారలేదు, అర్థాలు మారిపోయాయి. అయినా కవిత అనుభవంలో తేడా రాదు. తాబేలైనా పంది అయినా, తమ చోటు తప్పిన ఏవో ప్రాణులు సాయంత్రం పూట వింతగా అరుస్తున్నాయన్న భావం అలాగే ఉంటుంది. హంప్టీ డంప్టీ వివరణే కవిత అసలు అర్థమని పాఠ్యగ్రంథాల్లో తేల్చేయడం అందుకే సరికాదు. మాటలకు తనిష్టమొచ్చిన అర్థం ఇచ్చే పాత్రగా కారల్ అతన్ని సృష్టించాడు. అతని వ్యాఖ్యానం కూడా నాన్సెన్స్‌లో భాగమే.

అలీస్ స్పందన ఇంతకంటే నమ్మదగినది. కవిత తన బుర్రను ఏవేవో ఊహలతో నింపిందనీ, అవేమిటో చెప్పలేకపోతున్నాననీ, ఎవరో దేన్నో చంపారన్నది మాత్రం స్పష్టమనీ ఆమె అనుకుంటుంది. కవితలో దేనికి అర్థం ఉందో, దేనికి లేదో ఆ పిల్ల కచ్చితంగా విడదీసింది.

విమర్శకుల దృష్టి

విలియం ఎంప్సన్ 1935లో అలీస్ కథలను బాల్యపు దృష్టి నుంచి పరిశీలించాడు. ఎలిజబెత్ స్యూవెల్ 1952లో రాసిన ‘ది ఫీల్డ్ ఆఫ్ నాన్సెన్స్’లో నాన్సెన్స్‌ను నియమాలున్న ఆటగా వివరించింది. మార్టిన్ గార్డ్‌నర్ ‘ది అనొటేటెడ్ అలీస్’ (1960) పదపదానికీ చరిత్ర అందించింది. ఫ్రెంచి తాత్వికుడు జీల్ డెల్యూజ్ 1969 నాటి ‘లాజిక్ ఆఫ్ సెన్స్’లో అర్థమనేది మాటకూ వస్తువుకూ నడుమ ఎలా పుడుతుందో చెప్పడానికి కారల్‌ను ఆధారం చేసుకున్నాడు. జాబర్‌వాక్ దేనికి ప్రతీక అన్న ప్రశ్నకు ఎన్నో జవాబులున్నాయి. ఏ జవాబైనా కవితలోని భయం, ఎదురుచూపు, విడుదల అనే వరుసకు లోబడి ఉన్నంతవరకే నిలుస్తుంది. మొదటి చరణమే చివర మళ్లీ రావడాన్ని అది లెక్కలోకి తీసుకోవాలి. వీరుడు గెలిచినా ఆ ప్రాణుల సాయంత్రం ఏమీ మారలేదు.

అనువాదాలు

1872లోనే రాబర్ట్ స్కాట్ దీన్ని జర్మన్‌లోకి తెచ్చాడు. అలీస్‌కు స్ఫూర్తి అయిన బాలిక తండ్రి హెన్రీ లిడెల్‌తో కలిసి ప్రసిద్ధ గ్రీకు నిఘంటువును కూర్చిన పండితుడు అతనే. 1931లో ఫ్రాంక్ వారిన్ చేసిన ఫ్రెంచి అనువాదం వెలువడింది. ఈ అనువాదాలను పక్కపక్కన పెట్టి డగ్లస్ హాఫ్‌స్టాటర్ 1979లో ‘గోడెల్, ఎషర్, బాక్’లో చర్చించాడు. బెంగాలీలోకి సత్యజిత్ రాయ్ అనువదించాడు.

అనువాదకుడు ఇక్కడ పదాలను మార్చలేడు, పదాలు చేసే పనిని తన భాషలో మళ్లీ చేయించాలి. తెలుగులో అదనపు చిక్కు ఒకటుంది. ఇంగ్లీషు భూతకాల క్రియ ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అన్న తేడా చూపదు. తెలుగు క్రియ తేల్చి చెప్పక తప్పదు. మృగం అమహద్వాచకమా, రాక్షసుడిలా మహద్వాచకమా అన్నది తెలుగు అనువాదకుడు ముందే నిర్ణయించుకోవాలి. వింత మాటలను సంస్కృతం ఛాయతో కల్పిస్తే కవిత ప్రబంధంలా గంభీరమవుతుంది, దేశ్యపు నుడికారంతో కల్పిస్తే జానపద గాథకు దగ్గరవుతుంది.

శాస్త్రాల్లో వాడుక

భౌతిక శాస్త్రవేత్త ఆర్థర్ ఎడింగ్టన్ 1928లో ‘ది నేచర్ ఆఫ్ ది ఫిజికల్ వరల్డ్’లో ఈ కవిత మాటలను పరమాణువు వర్ణనకు వాడాడు. ఎలక్ట్రాన్ల స్వభావం మనకు తెలియదు, వాటి సంఖ్యలు, సంబంధాలు తెలుసు అన్నది ఆయన వాదన. ఎలక్ట్రాన్లను టోవ్‌లని పిలిచినా ఆక్సిజన్‌లో ఎనిమిది, నైట్రోజన్‌లో ఏడు అన్న లెక్క మారదని చూపాడు. భాషాశాస్త్రవేత్త చార్లెస్ ఫ్రీస్ 1952లో ‘ది స్ట్రక్చర్ ఆఫ్ ఇంగ్లిష్’లో వాక్యనిర్మాణమే ఒక రకమైన అర్థాన్ని ఇస్తుందని చెప్పడానికి ఈ కవితను ఎత్తి చూపాడు. ప్రత్యయాలు నిజమైనవై, ధాతువులు కల్పితమైన వాక్యాలను పరిశోధకులు నేటికీ జాబర్‌వాకీ వాక్యాలనే పిలుస్తారు. వ్యాకరణాన్నీ పదార్థాన్నీ మనసు విడివిడిగా ఎలా గ్రహిస్తుందో తెలుసుకోవడానికి వాటిని ప్రయోగాల్లో వాడతారు.

భారతీయ సాహిత్యంలో సమీప రూపాలు

విడివిడిగా అర్థమున్న మాటలు కలిపితే అర్థమివ్వకపోవడాన్ని పతంజలి మహాభాష్యం దానిమ్మపండ్లు, అప్పాలు వంటి పొంతన లేని వస్తువుల వరుసతో చూపింది. ఆలంకారికులు దీన్ని అపార్థమనే కావ్యదోషంగా లెక్కించారు. దండి మాత్రం ‘కావ్యాదర్శం’లో పిచ్చివాళ్లు, తాగినవాళ్లు, పిల్లలు మాట్లాడే మాటల్లో అది దోషం కాదన్నాడు. పిల్లల పుస్తకంలోనే నాన్సెన్స్ కావ్యగౌరవం పొందడాన్ని అర్థం చేసుకోవడానికి ఆ మినహాయింపు మంచి దారి చూపుతుంది.

ఆధునిక కాలంలో ఈ ప్రక్రియకు భారతీయ భాషల్లో శిఖరం బెంగాలీ కవి సుకుమార్ రాయ్ (1887–1923). ఆయన కన్నుమూసిన కొద్ది రోజులకు 1923లో వచ్చిన ‘ఆబోల్ తాబోల్’లో బాతునూ ముళ్లపందినీ పేరులోనూ ఒంటిలోనూ కలిపేసిన హాఁస్‌జారు అనే ప్రాణి ఉంది. పోర్ట్‌మాంటో పదం అక్కడ బొమ్మగా కూడా మారింది.

తెలుగులో రాయల ఆస్థానానికి వచ్చిన పండితుణ్ని తికమక పెట్టడానికి తెనాలి రామకృష్ణుడు చెప్పాడని ప్రచారంలో ఉన్న మేకతోక పద్యం పద్యరూపాన్ని నిలిపి అర్థాన్ని గుండ్రంగా తిప్పుతుంది. పిల్లల ఆటపాటల్లో లయ కోసమే పుట్టిన మాటలు కోకొల్లలు. లియర్ జనంలోకి తెచ్చిన లిమరిక్ రూపాన్ని శ్రీశ్రీ తెలుగులో ‘లిమఋక్కులు’గా మార్చి, సిరిసిరిమువ్వ, ప్రాసక్రీడలతో కలిపి ‘సిప్రాలి’లో చేర్చాడు. ఆ పుస్తకం పేరే మూడు పేర్ల తొలి అక్షరాలను కలిపి చేసిన కొత్త మాట.

విశ్లేషించే పద్ధతి

నాన్సెన్స్ కవితను చదివేటప్పుడు మొదట గట్టిగా చదివి లయ ఎక్కడ సాగిందో, ఎక్కడ తెగిందో గుర్తించాలి. తర్వాత తెలిసిన మాటలను, తెలియని మాటలను వేరు చేయాలి. తెలియని ప్రతి మాటా వాక్యంలో ఏ స్థానంలో ఉందో, ఏ ప్రత్యయం తగిలించుకుందో చూడాలి. అది ఏ తెలిసిన మాటలను గుర్తు తెస్తోందో, దాని హల్లులు మెత్తనివో పరుషమైనవో పరిశీలించాలి. ఆ తర్వాతే కథాచట్రాన్నీ, పాత్రల భావాలనూ బేరీజు వేయాలి. ప్రతీకల వెతుకులాట చివరి మెట్టు. ఈ వరుసలో వెళ్తే ఊహకు ఆధారం కవితలోనే దొరుకుతుంది; తిరగేసి వెళ్తే పాఠకుడి సొంత ఊహలే కవిత అర్థంగా చలామణీ అవుతాయి.

తెలిసిన మాటలతో రాసిన కవితలో కూడా లయ, ప్రాస, పదక్రమం, శబ్దం ఇంతే పని చేస్తుంటాయి. నిఘంటువు అర్థం ముందు నిలబడి వాటిని కనిపించనివ్వదు. అందుకే ‘జాబర్‌వాకీ’ని జాగ్రత్తగా విశ్లేషించడం నేర్చిన విద్యార్థి ఆ తర్వాత ఏ కవితనైనా మరింత బాగా చదవగలుగుతాడు. సాహిత్య బోధనలో ఈ కవితకు నూటయాభై ఏళ్లు దాటినా చోటు నిలిచి ఉండడానికి బలమైన కారణం అదే.